చెప్పి పడేయమ్మా

పోయిన ఆదివారం బాగలూరు రోడ్డులో ఒక టైల్స్ షాపుకి వెళ్లాం. మేం కొనుక్కున్న ఫ్లాట్‌లో పడకగది నేల బాగోలేదు, మార్పించాలి. మా ఆయన పాలరంగు టైల్స్ దగ్గర ఆగిపోయి, వాటి మీద కాఫీ మరక పడితే పోతుందా పోదా అని షాపువాళ్లతో వాదన పెట్టుకున్నాడు. ఆయన వాదన పెట్టుకుంటే ఇప్పట్లో తేలదు. ఈలోగా ఇంకొకతను వచ్చి నా చేతిలో ఒక ముక్క పెట్టాడు. గోధుమరంగులో ఉంది, చేతిలో ఉన్నట్టే లేదు, అంత తేలిక. నా బొటనవేలు నన్ను అడక్కుండానే దాన్ని నొక్కి చూసింది.

"కార్క్ మేడమ్. కాలికి మెత్తగా ఉంటుంది. ఇంకో ప్లస్ పాయింట్ ఏంటంటే చప్పుడు అస్సలు రాదు. మనిషి పడినా పక్క రూములో తెలీదు" అన్నాడతను, గొప్పగా నవ్వుతూ.

ముక్కని అక్కడే పెట్టేసి బయటికి వచ్చేశాను. వెనకాలే మా ఆయన వచ్చాడు. ఏమైందని అడగబోయి, నా మొహం చూసి, "అన్న గుర్తొచ్చాడా?" అన్నాడు. అవునన్నట్టు తల ఊపాను.

మేం ఒంగోలు నుంచి ఉద్యోగాల కోసం హోసూరు వచ్చిన కొత్తలో, రాయకోట రోడ్డు వైపు ఒక కాలనీలో మేడ మీద వాటా అద్దెకి తీసుకున్నాం. కింద ఇంటివాళ్లు, ఆయనా, ఆయన భార్యా. పిల్లలు లేరు. ఆయనది ఉద్దనపల్లి దగ్గర పల్లె. కృష్ణగిరి రోడ్డు మీద గ్రానైట్ పాలిష్ పట్టే షెడ్డు ఉండేది. నేను మొదటిరోజు "బాబాయి గారూ" అన్నాను. ఆయన నవ్వి, "బాబాయి గారూ అంటే నాటకంలో పిలిచినట్లుండాదమ్మా. అన్నా అను చాలు" అన్నాడు. అప్పట్నుంచి ఆయన అన్న, ఆవిడ అక్క. మా నాన్న వయసు మనిషిని అన్నా అని పిలవడానికి నాకు నోరు తిరగడానికి కొన్నాళ్లు పట్టింది.

ఆయనకి ఏది కనబడినా బొటనవేలితో నొక్కి చూడడం అలవాటు. టమాటా నొక్కుతాడు, ఇడ్లీ నొక్కుతాడు, మేం కొత్తగా కొన్న పరుపు మెట్ల మీద ఎక్కిస్తుంటే దాన్నీ ఆపి నొక్కాడు. నొక్కాక "ఊఁ" అంటాడు. ఆ ఊఁ మంచికో చెడుకో ఎవరికీ తెలీదు.

దిగిన వారంలోనే అనుకుంటా, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి అల్లం వెల్లుల్లి దంచుకుంటున్నాను. మెట్ల మీద ధనధనమని అడుగులు. తలుపు తీస్తే అన్న. ఒక కాలికే చెప్పుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"యాడ పడింది? ఏమి పడింది?"

"ఏమీ పడలేదన్నా. దంచుతున్నా."

ఆయన గోడ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "ఇంట్లోకి పోయి చూసినాను, ఆమె బాగానే ఉండాది. మళ్లీ ఇంకొక దెబ్బ ఇనబడింది. పైకొచ్చినాను" అని, "ఇంకమీద చెప్పి పడేయమ్మా" అన్నాడు.

మా వైపు చెప్పి పడేయ్ అంటే నాన్చకుండా చెప్పెయ్యమని. నేను అలాగే అనుకున్నాను. "ఏం చెప్పాలన్నా?" అన్నాను.

"అదే, చెప్పి పడేయమంటాండాను."

"చెబుతాను, కానీ ఏం చెప్పాలి?"

"అయ్యో, చెప్పి పడేయమంటే ఏమి చెప్పల్లంటాదే ఈయమ్మ!"

కింద నుంచి పకపకా నవ్వు వినిపించింది. అక్క మెట్ల మొదట్లో నిలబడి నవ్వుతోంది. "ఆయప్ప చెప్పేది నీకు తెలీలేదులేమ్మా. మొదుట చెప్పల్ల. ఆ తర్వాత పడేయల్ల."

నాకు ఒళ్లు మండింది. గోడకి మేకులు కొట్టొద్దనే ఇంటివాళ్లని చూశాను, నీళ్లు తక్కువ వాడమనేవాళ్లని చూశాను. వంటింట్లో రోకలి దించే ముందు చెప్పమనేవాళ్లని ఎక్కడా చూడలేదు. ఖాళీ చేసేద్దాం అని మా ఆయనతో ఆ పూటే అన్నాను.

మర్నాడు అక్క పైకి వచ్చి తన నుదుటి మీద కుట్ల మచ్చ చూపించింది. ఆవిడకి ఫిట్స్ వస్తాయి. మందులు మింగుతూనే ఉంటుంది, అయినా అప్పుడప్పుడూ వస్తాయి. వచ్చే ముందు ఏ సూచనా ఉండదు, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోతుంది. వాళ్ల హాల్లో నేలంతా నల్ల గ్రానైట్. షెడ్డులో మంచి పలకలన్నీ ఏరి తెచ్చి, అన్న తన చేత్తో పాలిష్ పట్టి పరిచిన నేల. ఒంగి చూస్తే తల దువ్వుకోవచ్చు. చుట్టాలొస్తే మంచినీళ్లు ఇవ్వడం మర్చిపోయేవాడుగానీ నేల చూపించడం మర్చిపోయేవాడు కాదట. ఆ నేల మీదే అక్క పడి నుదురు చిట్లింది. "ఆ పొద్దు నుంచి ఆయప్పకి తన నేలంటే తనకే బయం" అంది అక్క, ఎవరో పక్కింటాయన సంగతి చెబుతున్నట్టు. దుప్పట్లు పరిచి చూశారు. ఆ నునుపు మీద దుప్పటి జారి మళ్లీ పడింది.

అది విన్నాక ఖాళీ చేసే మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు నుంచి రోకలి తీసే ముందు మెట్ల దగ్గరికి వచ్చి, "అన్నా, దంచుతున్నా!" అని కేకేసేదాన్ని. "సరేమ్మా!" అని జవాబు వచ్చాకే దంచేదాన్ని. మంచం జరిపితే, "అన్నా, జరుపుతున్నా!" ఒకసారి పళ్లెం చెయ్యి జారింది. గాల్లో ఉండగానే, "అన్నా, పళ్లెం!" అని అరిచాను. మా ఆయన తింటున్నది పొలమారేంత నవ్వాడు. నవ్వడానికేముంది, పళ్లెం పడ్డ చప్పుడుకి కింద ఒక మనిషి ప్రాణం ఎగిరిపోతుందని నాకు తెలుసు.

ఒకరోజు అన్న బెంగుళూరులో ఎవరింట్లోనో మెట్లకి గ్రానైట్ వేయడానికి వెళ్లి వచ్చాడు. వచ్చీ రాగానే నన్ను కిందికి పిలిచాడు. జేబులోంచి ఒక ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, "నొక్కు" అన్నాడు. నొక్కాను. దిగింది, తీయగానే మళ్లీ పైకొచ్చింది. "బెండమ్మా! చెట్టు బెండు! వాళ్ల ఇంట్లో ఒక రూమంతా ఇదే. గాజు గ్లాసు పడేసి చూపించినారు. పగల్లేదు!" ఆయన మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

నెల తిరక్కుండా కార్క్ పలకలు దిగాయి. పరచడానికి బెంగుళూరు నుంచి వచ్చిన పనివాళ్లు నేల చూసి తల అడ్డంగా ఊపారు. ఈ నునుపుకి గమ్ పట్టదు, రాయిని గరుకు చేయాలి, గంట్లు పెట్టాలి అన్నారు. అన్న కస్సుమన్నాడు. "అద్దానికి ఎవరన్నా గంట్లు పెడతారా? అతికించండప్పా, పట్టుకుంటాది" అన్నాడు. వాళ్లు అతికించి వెళ్లిపోయారు. తర్వాత మెట్ల మీద నాతో మెల్లగా అన్నాడు: "ఆమెకి బాగైపోతే ఈ బెండు పీకేస్తాను కదమ్మా. అప్పుడు కింద నా అద్దం నాకుండల్ల కదా." అదీ అసలు సంగతి. ఆ నునుపు చెడగొట్టడమంటే, ఆవిడకి ఇక బాగుకాదని ఒప్పుకోవడమే.

కాలనీలో ఆయన పేరు బెండన్న అయింది. ఆయనకి కోపం రాలేదు. "ఇంక నీ ఇష్టమొచ్చినట్లు దంచుకోమ్మా!" అని నాకు స్వాతంత్ర్యం కూడా ప్రకటించాడు. నేను మనసారా దంచుకున్నాను, కొన్నాళ్లు.

ఒక మధ్యాహ్నం, సెలవు రోజు, అన్న పైకి వచ్చాడు. ఈసారి పరుగెత్తి కాదు. నెమ్మదిగా ఎక్కి, గుమ్మంలో కూలబడ్డాడు. అక్కకేమైందని నేను కిందికి పోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బాగుండాది. దెబ్బ తగల్లేదు. లేసి కాఫీ కూడా పెడతా ఉండాది." గుమ్మానికి ఆనుకున్నాడు. "వరండాలోనే ఉండానమ్మా. పేపరు చదువుకుంటా ఉండాను. ఆమె హాల్లో పడింది. పడింది నాకు తెలీలేదు. ఎంతసేపు పడుండాదో, ఏమో. చప్పుడే రాలేదే!"

ఆవిడకి దెబ్బ తగలకూడదని నేల మెత్తగా వేశాడు. మెత్తటి నేల ఆవిడ పడిన సంగతి చెప్పదు. రాయి అయితే కొడుతుంది, కానీ కేకేసి చెబుతుంది. ఈ రెండిట్లో ఏది నయమో ఆలోచిస్తే నాకే పిచ్చెక్కేది, ఇక ఆయన సంగతి ఏం చెప్పను.

మర్నాడు బజారుకి పోయి అక్కకి కాలి గొలుసులు తెచ్చాడు. చుట్టూ గజ్జెలున్నవి, చంటిపిల్లలకి వేసేలాంటివి, పెద్దసైజులో. యాభై దాటిన మనిషి కాళ్లకి వాటిని ఆయనే కూర్చుని పెట్టాడు. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. "నన్ను ఇప్పుడు పెళ్లికూతుర్ని చేస్తాండాడమ్మా, ఇన్నాళ్లకి బుద్ధొచ్చి" అని నాతో అంది. కానీ తీయలేదు.

ఇక ఆయన బతుకంతా ఆ గజ్జెల చుట్టూనే. గజ్జెలు వినబడితే పేపరు చదువుతాడు. ఆగితే పేపరు దించుతాడు. ఇంకాసేపు వినబడకపోతే, "ఏమే!" అని కేక. "ఉండాను!" అని లోపల నుంచి జవాబు. మళ్లీ పేపరు. రోజంతా ఇదే. నా రోకలి చప్పుడులో గజ్జెలు కలిసిపోతున్నాయని పాత చట్టం మళ్లీ అమల్లోకి వచ్చింది. అన్నా, దంచుతున్నా! ఆయన భయం నాకూ అంటుకుంది. దంచుతూ దంచుతూ నా చెయ్యి మధ్యలో ఆగిపోయేది. గజ్జెలు వినబడుతున్నాయా? వినబడుతున్నాయి. అమ్మయ్య. ఆఫీసులో కూర్చున్నా ఒక్కోసారి చెవులు రిక్కించేదాన్ని, ఏం వినడానికో తెలియకుండా.

ఇంతలో నేల పాడవడం మొదలైంది. బీరువా కాళ్ల కింద గుంటలు పడ్డాయి. కిటికీలోంచి ఎండ పడేచోట రంగు వెలిసి, పలకలు కుంచించుకుపోయి సందులు కనబడ్డాయి. ఇవన్నీ ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది శుక్రవారం.

శుక్రవారం పొద్దున అక్క బిందెలతో నీళ్లు పోసి ఇల్లు కడుగుతుంది. తన తల్లి కడిగింది, అత్త కడిగింది, తనూ కడుగుతుంది. బెండుకి నీళ్లు పడవని ఆయన మొత్తుకునేవాడు. "నీళ్లు పోయకుంటే అది ఇల్లా, గోడౌనా?" అనేది. "బెండు నీళ్లు తాగుతాదే!" అంటే, "తాగనీలే, ఎండకి దాహమై ఉంటాది" అనేది. ఆయన తడిగుడ్డ చాలనేవాడు. ఆవిడ ఊఁ అని, ఆయన షెడ్డుకి పోయాక గజ్జెలు గల్లుగల్లుమనిపిస్తూ బిందె ఎత్తేది. నేను పైనుంచి నీళ్ల చప్పుడు విని కళ్లు మూసుకునేదాన్ని. అన్నకి చెబితే అక్కకి కోపం, చెప్పకపోతే నేల పాడు.

పలకలు ఉబ్బాయి. అంచులు లేవడం మొదలైంది. సాయంత్రాలు అన్న మోకాళ్ల మీద హాలంతా పాకుతూ, వేలి కణుపుతో ఒక్కో పలకా కొట్టి చూసేవాడు. గట్టిగా పలికితే ముందుకు పోతాడు. డొల్లగా పలికితే అక్కడే ఆగిపోతాడు. రోజు రోజుకీ ఆగడం ఎక్కువైంది. లేచిన అంచుల మీద గమ్ పూసి, పైన గ్రానైట్ ముక్కలు బరువు పెట్టేవాడు. వాటికి కాలు తగిలి పడుతుందేమోనని మళ్లీ తీసేసేవాడు. ఆయన నిద్రపోతున్నాడో లేదో గానీ కళ్ల కింద నల్లబడింది. "పనివాళ్లని పిలవండన్నా" అన్నాను. "పిలిస్తే గంట్లు పెట్టమంటారమ్మా" అన్నాడు. అంతే, ఇక మాట మార్చాడు.

ఆ భయపడ్డదే అయింది. అక్క కాలు లేచిన అంచుకి తట్టుకుంది. పడేటప్పుడు మోచెయ్యి తలుపుకి కొట్టుకుని ఎముక చిట్లింది. నేను కిందే ఉన్నాను, పాలలోకి తోడు అడగడానికి వెళ్లి. గజ్జెలు ఒక్కసారి గట్టిగా మోగి ఆగాయి. అన్న వరండాలోంచి ఎలా వచ్చి పడ్డాడో. ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని, "ఫిట్సా? వచ్చిందా? నోట్లో నురగ లేదే" అని ఆవిడ మొహమంతా తడుముతున్నాడు. అక్క నొప్పికి పళ్లు బిగించి, ఆయన చెయ్యి పక్కకి నెట్టింది.

"ఫిట్సు కాదు, ఏమీ కాదు. నీ బెండు పడేసింది నన్ను."

ఎప్పుడూ నవ్వే మనిషి అలా అనేసరికి ఆయన బిక్కచచ్చిపోయాడు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం.

అక్క చేతికి కట్టుతో మత్తూరులో చెల్లెలింటికి వెళ్లింది, కొన్నాళ్లు ఉండి రావడానికి. ఆవిడ బస్సెక్కిన మర్నాడే, పొద్దున్నే, కింద నుంచి నాకు కేక వినిపించింది.

"అమ్మా! కొడతాండాను!"

అన్నాళ్లూ నేను వేసిన కేక ఆయన వేశాడు. దిగి చూస్తే హాల్లో పలకలన్నీ పీకి గోడకి ఆనించి ఉన్నాయి. కింద ఆ నల్లరాయి. ఇన్నాళ్లు మూతపడి ఉన్నా నునుపు అలాగే ఉంది. దాని మీద ఆయన వంగిన మొహం, సుత్తీ ఉలీ పట్టుకున్న చేతులూ కనిపిస్తున్నాయి.

"మిషన్ పెట్టించొచ్చు కదన్నా" అన్నాను.

"నేను పెట్టిన పాలిష్. నేనే తీయల్ల" అన్నాడు.

మొదటి గంటు పెట్టేముందు బొటనవేలితో రాయిని నొక్కాడు. అది దిగేదా, పెట్టేదా. అలవాటు. తర్వాత కొట్టాడు. రోలుకి గంట్లు పెట్టినట్టు వరుసగా కొట్టుకుంటూ పోయాడు. ఇల్లంతా దుమ్ము. మధ్యలో ఆగి తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. దుమ్ముకే అనుకుందామనుకున్నాను. ఆయనే, "బాగుకాదులేమ్మా ఆమెకి. డాక్టరు ఎప్పుడో చెప్పినాడు. నేనే ఇనలేదు" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. మంచినీళ్లు తెచ్చిపెట్టి పైకి వచ్చేశాను. ఆ చప్పుడు రోజుల తరబడి మా ఇంట్లోకి వచ్చింది. ఒక్కసారి కూడా చెవులు మూసుకోవాలనిపించలేదు.

కొత్త పలకలు గరుకు రాయిని గట్టిగా పట్టుకున్నాయి. అక్క తిరిగొచ్చాక శుక్రవారం బిందె వాకిటి దాకే. లోపల తడిగుడ్డ. "నీ రాయి పోగొట్టుకున్నావు, నా నీళ్లు నేను పోగొట్టుకుంటా. సరికి సరి" అందట ఆయనతో. అన్న పాకి చూసేవాడు గానీ డొల్ల ఎక్కడా పలకలేదు. ఆయన కాస్త ఒళ్లు చేశాడు కూడా. గజ్జెలూ, ఏమే, ఉండాను మాత్రం మామూలే. కొన్నాళ్లకి మేం ఫ్లాట్ కొనుక్కుని ఊరికి ఆ చివరికి మారిపోయాం. మారిన కొత్తలో రోకలి తీయగానే నోటిదాకా వచ్చేది. అన్నా, దంచుతున్నా. ఎవరికి చెప్పను?

మారిన ఏడాదే ఫోన్ వచ్చింది. అక్కకేమైందో అనుకుంటూ ఎత్తాను. అక్కే మాట్లాడుతోంది. పోయింది ఆవిడ కాదు, అన్న.

పది రోజులు పోయాక మళ్లీ వెళ్లాను. మత్తూరు నుంచి చెల్లెలు వచ్చేసింది, ఇక అక్కతోనే ఉంటుందట. చుట్టాలు వెళ్లిపోయారు. అక్క హాల్లో గోడకి ఆనుకుని కూర్చుంది. నేను పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తెలీక, నేలని బొటనవేలితో నొక్కుతున్నాను. ఆవిడ అది చూసింది.

"ఈడనే పడినాడమ్మా" అంది. "నేను వంటింట్లో అనపకాయల గింజలు ఒలస్తాండాను. ఆ పని చేసేటప్పుడు కాలు కదిపేదేముంది? గొలుసు పలకలేదు. అంతసేపు పలక్కుంటే ఆయప్ప ఊరుకుంటాడా? ఏమే అని అరవల్ల కదా. అరవలేదు. పేపరు చదువుతాండాడేమో అనుకుంటి. గిన్నె నిండింది. అప్పటికీ అరవలేదు. అప్పుడు నాకు చేతులు ఆడలేదమ్మా."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"గుండె అన్నారు. తలకి ఒక్క దెబ్బ లేదు, ఒక్క గీత లేదు. అంత బాగా పెట్టినాడు నేల." నేలని అరచేత్తో తడిమి, "అందరూ నా కాళ్ల చప్పుడే ఇంటా ఉండిరి. ఆయప్ప కాళ్లకి ఎవరు కట్టినారు గజ్జెలు?" అంది.

వంటింట్లో చెల్లెలు గిన్నె కడిగి బోర్లించింది. ఇద్దరం ఉలిక్కిపడి అటు చూశాం.

అప్పుడు చూశాను, అక్క మెడలో ఏమీ లేదు, కాలివేళ్లకి మెట్టెలు లేవు. కాళ్లకి గొలుసులు మాత్రం అలాగే ఉన్నాయి. నేను చూడడం ఆవిడ గమనించింది.

"ఇవి కూడా తీసేయమన్నారు. తీయనంటే తీయనన్నాను" అని, పాదం కొంచెం కదిపి వాటిని పలికించింది. "ఇవి ఇనబడకుంటే ఆయప్ప బయపడతాడు కదమ్మా."